మావయ్య పాత ముస్తఫా మిషను: టీవీ వెలుగుతోంది, ఆట మాత్రం రావడం లేదు (విజయనగరం)

కందకంగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఎరువుల షాపులో లెక్కలు రాస్తాను. సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చు కానీ, దాంతో ఏం చెయ్యకూడదో పెద్దగా తెలీదు. అందుకే ఇంకా ఏమీ కాల్చకముందే ఇక్కడికి వచ్చాను.

మా మావయ్య 1995 నుంచి తొమ్మిదేళ్ళు గంటస్తంభం దగ్గర ఒక సందులో వీడియో గేముల షాపు నడిపాడు. నాలుగు మిషన్లు. రూపాయి బిళ్ళ వేస్తే ఒక ఆట. బడి ఎగ్గొట్టి వచ్చే పిల్లల్ని లోపలికి రానిచ్చేవాడు కాదు, నన్ను మాత్రం మేనల్లుణ్ని కదా అని స్టూలు మీద కూర్చోబెట్టి చిల్లర లెక్కపెట్టించేవాడు. నాకిప్పుడున్న ఉద్యోగానికి ట్రైనింగ్ అక్కడే అయిందనుకోవచ్చు. జనం తగ్గిపోయి 2004లో మూసేశాడు. మూడు మిషన్లు పాత ఇనుముకి పోయాయి. నాలుగోది నెల్లిమర్ల దగ్గర తాతగారి పెంకుటింట్లో, గోనెసంచుల కింద, ఇన్నాళ్ళూ అలాగే పడి ఉంది. అదే ముస్తఫా మిషను.

చిన్నవాళ్ళ కోసం చెప్తున్నాను: ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తీసింది. అందులో నలుగురు వీరులుంటారు, ముస్తఫా ఒకడు. మన ఊళ్ళలో ఆటకే వాడి పేరు ఖాయం చేసేశారు. అసలు పేరు నాకు పెళ్ళయ్యాక తెలిసింది.

మొన్న ఆదివారం మిషన్ని వ్యాన్‌లో వేసి ఇంటికి తెచ్చాను. అడుగు చెక్కని చెద పూర్తిగా తినేసింది, వ్యాన్‌లోంచి దించుతుంటే పొడిలా రాలిపోయింది. పక్క చెక్కలు బాగానే ఉన్నాయి. లోపల తెరిచి చూస్తే ఇవీ సంగతులు:

మానిటర్ అనేది లేదు. మామూలు 20 అంగుళాల కలర్ టీవీని విప్పి, పిక్చర్ ట్యూబ్‌నీ దాని వెనకాల బోర్డునీ చెక్కలో బిగించారు. గేమ్ బోర్డు నుంచి వచ్చే రంగుల తీగలు నేరుగా ఆ టీవీ బోర్డు మీదే అతికించి ఉన్నాయి. గేమ్ బోర్డు రెండు పలకలు, ఒకదాని మీద ఒకటి. పైన కంపెనీ పేరేమీ లేదు. చివర్న బంగారం రంగు పళ్ళ వరస, దానికి పొడుగాటి నల్ల కనెక్టర్. ఆ పళ్ళ మీద పచ్చగా చిలుము పట్టింది.

పాత పవర్ సప్లై పూర్తిగా పోయింది. దాని బదులు ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ పెట్టాను (పచ్చ తీగని నల్ల తీగకి కలిపితే ఆన్ అవుతుందని వీడియోలో చూసి). అది బాగానే తిరుగుతోంది. టీవీ కూడా వెలిగింది! ఇరవై ఏళ్ళ తర్వాత! మా ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. కానీ తెర నిండా రంగురంగుల గళ్ళు. రెండు సెకన్లకోసారి గళ్ళు మారతాయి, స్పీకర్లో టక్‌మని చప్పుడు, మళ్ళీ గళ్ళు. ఎంతసేపైనా అంతే.

బోర్డు పోయినట్టేనా? ఇలాంటి బోర్డుల్లో బ్యాటరీ అయిపోతే మిషను చచ్చిపోతుందని ఎక్కడో చదివి టెన్షన్ పట్టుకుంది. నా బోర్డు మీద బ్యాటరీ ఎంత వెతికినా కనిపించలేదు. ఎవరైనా పీకేశారా?

ఇంకో మాట. సిరిమానుకి (మా పైడితల్లి అమ్మవారి జాతర) చుట్టాలందరూ వస్తారు. దాని ముందు రోజు, తొలేళ్ళ రాత్రికి ఇది ఆడితే మావయ్యకి చూపించాలని నా కోరిక. మూడు వారాలుంది.

---

పలాస_జీడిపప్పు

అన్నా, అంత కష్టం ఎందుకు? ఆ పాత బోర్డు తీసేసి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టెయ్. ముస్తఫాతో పాటు ఇంకో వెయ్యి ఆటలు వస్తాయి. టీవీ కూడా తీసేసి ఎల్ఈడీ మానిటర్ పెట్టు, బరువు సగం తగ్గుతుంది. ఒక్క శనివారంలో పని అయిపోతుంది. మా హాస్టల్లో ఇలాగే చేశాం.

---

కందకంగట్టు

తమ్ముడూ, వెయ్యి ఆటలు నా ఫోన్లో కూడా వస్తాయి. మావయ్య దగ్గర పనిచేసిన బోర్డే పనిచెయ్యాలి. అది నిజంగానే చచ్చిందని తేలితే అప్పుడు నీ మాట వింటాను.

---

నాగావళి_టీవీ_మాస్టారు

బాబూ, నేను శ్రీకాకుళంలో ముప్పై ఏళ్ళు టీవీలు బాగుచేశాను. ఇప్పుడు కళ్ళు ఆనవు, నేను చెప్తుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. అచ్చు తప్పులుంటే అవి దానివి.

ముందు టీవీ గురించి. నీ ప్రశ్నలో నాకు భయమేసిన భాగం అదే, ఆట సంగతి తర్వాత. పిక్చర్ ట్యూబ్ పక్కన ఎర్ర రబ్బరు టోపీ కింద ఇరవై వేల వోల్ట్‌ల పైన ఉంటుంది. ప్లగ్ పీకేసినా చాలాసేపు అందులో కరెంటు దాగి ఉంటుంది. ఆ టోపీ జోలికి వెళ్ళకు. దాన్ని డిశ్చార్జి చెయ్యడం వీడియో చూసి నేర్చుకునే పని కాదు, పక్కన తెలిసినవాడుండాలి. నా చేతి కింద ఒక కుర్రాడు తొందరపడి చెయ్యి పెట్టి గోడకి కొట్టుకున్నాడు. కరెంటు కంటే ఆ గోడ దెబ్బకే వారం రోజులు మంచమెక్కాడు. మిషను వెనక తలుపు తీసి ఆన్ చేసినప్పుడల్లా ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో. ఇది నవ్వులాటకి చెప్పడం లేదు.

రెండోది. పాత కలర్ టీవీల్లో కొన్నిటి చాసిస్ (లోపలి బోర్డు గ్రౌండ్) మొత్తం ఇంటి కరెంటుకి నేరుగా తగులుతూ ఉంటుంది. అలాంటి దానికి గేమ్ బోర్డు గ్రౌండ్ కలిపితే, నువ్వు పట్టుకునే ఇనప స్టిక్కులోకి కూడా కరెంటు వస్తుంది. మీ మావయ్య తొమ్మిదేళ్ళు నడిపాడంటే ఎవరో తెలిసినవాడే కట్టి ఉంటాడు. అయినా చూడాలి. టీవీకి ముందు పెద్ద ఇనప ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కనిపిస్తోందా? కనిపిస్తే అది ఐసోలేషన్ కోసం, అంటే టీవీని ఇంటి కరెంటు నుంచి విడదీయడానికి పెట్టిందే, ఎంత బరువున్నా తియ్యకు. మీ ఇంట్లో ఆ ప్లగ్గుకి ఎర్త్ ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించు. మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు.

ఇక నీ గళ్ళ సంగతి. గేమ్ బోర్డులు నాకు అంతగా తెలీవు. కానీ గళ్ళు కదలకుండా నిలబడి కనిపిస్తున్నాయంటే టీవీ మంచిదే, సింక్ (బొమ్మని నిలబెట్టే సిగ్నల్) అందుతోంది. రెండు సెకన్లకోసారి మారుతున్నాయంటే బోర్డు మళ్ళీ మళ్ళీ మొదలవుతోంది. వోల్టేజీ సరిపోకపోతే ఇలాగే చేస్తాయి. ఎస్ఎంపీఎస్ దగ్గర కాదు, బోర్డు మీద కొలువు. ఎంతుందో రాయి.

---

జామాపిచ్చి

మాస్టారు సగం పని చేసేశారు. మిగతా సగం నేను చెప్తాను. మాది ఆమదాలవలస, ఉద్యోగం బెంగళూరులో. పాత గేమ్ బోర్డులు కొనడం, బాగుచెయ్యడం నా జబ్బు.

ముందు బ్యాటరీ టెన్షన్ వదిలెయ్యండి. ముస్తఫా అసలు బోర్డులో ఒక లిథియం బ్యాటరీ ఉంటుంది. సౌండ్ చూసుకునే ప్రాసెసర్ తన ప్రోగ్రామ్‌ని చదువుకోవాలంటే ఒక తాళంచెవి కావాలి, ఆ తాళంచెవి బ్యాటరీ ఉన్నంతవరకే బతుకుతుంది. ఇలా పెట్టిందే నకళ్ళు తియ్యకుండా. మీ బోర్డు మీద కంపెనీ పేరు లేదు, బ్యాటరీ లేదు. అంటే మీది నకలు. నకలు తీసినవాళ్ళు ఆ తాళాన్నే తప్పించేశారు. మన దగ్గర షాపుల్లో ఆడినవి చాలావరకు ఇవే. అసలు బోర్డైతే ఇరవై ఏళ్ళు గోనెసంచుల కింద ఉండి ఈపాటికి తాళంచెవి పోగొట్టుకుని ఉండేదేమో. మీది దొంగ బోర్డు కాబట్టి బతికే అవకాశం ఎక్కువ.

మీరు చెప్పిన బంగారు పళ్ళ వరస పేరు జామా. జామకాయ కాదు, జపాన్ మిషన్ల తయారీదారుల సంఘం పేరులోని అక్షరాలు. 1985లో పెట్టిన పద్ధతి. పైన 28 పళ్ళు, కింద 28, మొత్తం 56. దేనికి ఏ పన్ను అన్నది ముందే ఖాయం కాబట్టి ఒక ఆట బోర్డు పీకి ఇంకో ఆట బోర్డు పెడితే మిషను అలాగే పనిచేస్తుంది. మీ మావయ్యగారు ఆటలు మార్చింది కూడా అలాగే అయి ఉంటుంది, మిషను మార్చి కాదు.

మీకు కావలసినవి ఇవే. బోర్డుని భాగాలున్న వైపు పైకి పెట్టి, ఎడమ నుంచి లెక్కపెట్టుకోండి. 1, 2 గ్రౌండ్. 3, 4 ఐదు వోల్ట్‌లు. 5 మైనస్ ఐదు (మీ బోర్డుకి అక్కర్లేదు, వదిలెయ్యండి). 6 పన్నెండు వోల్ట్‌లు, ఇది సౌండ్ కోసం. 7 దగ్గర పన్ను ఉండదు, అక్కడ కనెక్టర్‌లో చిన్న అడ్డం పెడతారు, తిరగేసి గుచ్చకుండా. అడుగు వైపు కూడా మొదటి ఏడు ఇవే. చివరి రెండూ, 27, 28, రెండు వైపులా మళ్ళీ గ్రౌండే.

ఎడమ కుడి తేడా వస్తుందని అనుమానం ఉంటే లెక్కతో పని లేదు. బోర్డుకి కరెంటు తీసేసి, మల్టీమీటర్ని బీప్‌లో పెట్టి, ఒక ముల్లు ఏదైనా 74 సిరీస్ ఐసీ (పైన 74 అని నంబరున్న చిన్న చిప్) గ్రౌండ్ కాలి మీద, ఇంకో ముల్లు పళ్ళ మీద పెట్టండి. బీప్ అన్నవన్నీ గ్రౌండ్. ఆ చిన్న ఐసీని గాటు పైకి ఉండేలా చూస్తే, ఎడమ కింది మూల కాలు గ్రౌండ్, కుడి పై మూల కాలు ఐదు వోల్ట్‌లు. వోల్టేజీ కూడా అక్కడే కొలవండి, ఆ రెండు మూలల మధ్య, ఆట ఆన్‌లో ఉండగా.

4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. 4.75 కంటే తగ్గితే ఈ ఐసీలు ఏం చేస్తాయో వాటికే తెలీదు. 5.25 దాటితే దెబ్బతినే ప్రమాదం ఉంది. కాబట్టి తక్కువొచ్చిందని ఎస్ఎంపీఎస్ లోపల తిప్పే పని పెట్టుకోకండి.

తిరగేసి గుచ్చడం గురించి ఒక్క మాట: మీ కనెక్టర్‌లో 7 దగ్గర అడ్డం ఉందో లేదో చూడండి. చాలా పాత కనెక్టర్లలో అది ఊడిపోయి ఉంటుంది. తిరగేస్తే పన్నెండు వోల్ట్‌లు సరిగ్గా బటన్ దారిలోకి వెళ్తాయి. అప్పుడు పలాస తమ్ముడి సలహాయే గతి.

---

కందకంగట్టు

మాస్టారూ, ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఇటుక కంటే బరువు. చెద తిన్న అడుగు చెక్క మీదే కూర్చుని ఉంది పాపం, అందుకే చెక్క రాలిపోయింది. కొత్త ప్లైవుడ్ వేసి మళ్ళీ అక్కడే బిగించాను. ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. ప్లగ్గులో మూడో తీగ ఉంది కానీ అది బోర్డులో ఎక్కడికీ వెళ్ళడం లేదట! ఇల్లు కట్టి పదకొండేళ్ళయింది. ఇప్పుడు కలిపించాను. ఈ మిషను వల్ల ఫ్రిజ్‌కి కూడా ఎర్త్ వచ్చింది.

జామా గారూ, అడ్డం లేదు. దేవుడు కాపాడాడు, ఆదివారం గుచ్చింది సరైన వైపే. పెరుగు కప్పు మూత కత్తిరించి 7 దగ్గర దోపాను.

కొలిచాను. ఎస్ఎంపీఎస్ దగ్గర 5.03. బోర్డు మీద మీరు చెప్పిన ఐసీ మూలల్లో 4.41. మూడు ఐసీల మీద కొలిచాను, మూడింట్లోనూ అంతే. ఈ 0.62 వోల్ట్‌లు దారిలో ఎక్కడ పోతున్నాయి?

---

జామాపిచ్చి

తీగల్లో పోతున్నాయి. బోర్డు సుమారు మూడు ఆంపియర్లు లాగుతోందనుకోండి. తీగా కనెక్టరూ కలిపి 0.2 ఓమ్‌లు అడ్డుపడితే చాలు, మూడు రెళ్ళు ఆరు, 0.6 వోల్ట్‌లు అక్కడే వేడిగా మారిపోతాయి. మీ లెక్క కూడా దాదాపు అంతే వచ్చింది.

కనెక్టర్ పీకి, ఐదు వోల్ట్‌ల పిన్నుల్ని దగ్గరగా చూసి చెప్పండి: నాలుగింటికీ తీగలున్నాయా? ఏవైనా గోధుమ రంగులోకి తిరిగాయా?

---

కందకంగట్టు

దొరికింది!

రాత్రి పదిన్నరకి టార్చ్ నోట్లో పెట్టుకుని చూశాను. ఐదు వోల్ట్‌లకి నాలుగు పిన్నులుంటే ఎవరో ఒక్కదానికే తీగ అతికించారు. అదీ టేప్‌రికార్డర్‌కి వాడేలాంటి సన్న తీగ. ఆ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ వేయించిన జీడిపప్పు రంగులో ఉంది, పిన్ను వంకర పోయింది. పక్కనున్న మూడు పిన్నులూ కొత్తవాటిలా మెరుస్తున్నాయి, ఏనాడూ పని చెయ్యలేదు కదా. గ్రౌండ్ సంగతీ అంతే, ఎనిమిదింటికి రెండు.

మావయ్యకి ఫోన్ చేసి అడిగాను. కాసేపు ఆలోచించి, ‘ఆ కనెక్టర్ షాపు మూసే ముందు సంవత్సరం మార్పించాన్రా. అప్పట్నుంచే వేసవిలో మధ్యాహ్నాలు ఆట మధ్యలో ఆగిపోయేది. వేడికి అనుకుని ఫ్యాన్ పెట్టాను’ అన్నాడు. పిల్లలు ఆట పోయిందని గొడవ చేస్తే ఎన్ని రూపాయలు వాపస్ ఇచ్చాడో ఆయనకి ఇప్పటికీ గుర్తే. జనం తగ్గడానికి సగం కారణం ఆ ఒక్క పిన్నేమో అనిపించింది. ఆయనతో అనలేదు.

కొత్త జామా కనెక్టర్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను.

---

పలాస_జీడిపప్పు

జీడిపప్పుని కాలిన పిన్నుతో పోల్చినందుకు నిరసన తెలుపుతున్నాను. కానీ అన్నా, ఇది నేననుకున్నదాని కంటే బాగుంది. వదలకుండా రాస్తూ ఉండు.

---

కందకంగట్టు

ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను. కనెక్టర్ వచ్చింది. ఐదు వోల్ట్‌లకి నాలుగు పిన్నులకీ, గ్రౌండ్‌కి ఎనిమిదింటికీ ఇంటి వైరింగ్‌కి వాడే మందం తీగ వేశాను. ఒక్కో పిన్నుకి లెడ్ పట్టించేసరికి నడుం పడిపోయింది. మొదటి మూడు అతుకులూ ముద్దలు ముద్దలుగా వచ్చాయి, తీసేసి ఫ్లక్స్ రాసి మళ్ళీ చేశాను. పళ్ళ మీద చిలుముని మా అమ్మాయి పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. పచ్చటి పొడి రాలి, కింద పసుపు రంగు పైకొచ్చింది. ఇసుక కాయితం వాడబోతే మా అమ్మాయే ఆపింది, ‘బంగారం పూతని గీకేస్తావా నాన్నా’ అని. తర్వాత స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను.

ఆన్ చేసే ముందు చెయ్యి జేబులో పెట్టుకున్నాను, మాస్టారూ.

4.94.

గళ్ళు ఒక్కసారి మెరిసి పోయాయి. తెర నల్లబడింది. ఒక నిమిషం గుండె ఆగింది. ఆ తర్వాత ఆట మొదలైంది. చప్పుడుతో సహా!

అయితే రంగులు తప్పు. ఎరుపు అన్నదే లేదు. పేలుడు వస్తే మంటలు ఆకుపచ్చగా లేస్తున్నాయి, మనుషులు మునగాకు రసం తాగినట్టున్నారు. మా అమ్మాయి ఇదే బాగుందంటోంది.

---

నాగావళి_టీవీ_మాస్టారు

శుభం. ఎరుపు రాకపోవడానికి మూడు చోట్లు: గేమ్ బోర్డు, దారిలో తీగ, టీవీ. ముందు తీగ చూడు, అది ఖర్చు లేని పని. టీవీ ప్లగ్ పీకి, రాత్రంతా వదిలేసి, పొద్దున చూడు. ట్యూబ్ మెడ దగ్గరున్న చిన్న బోర్డుని మాత్రం కదిలించకు. మెడ విరిగితే గాలి లోపలికి వెళ్ళి ట్యూబ్ పని అయిపోయినట్టే, ఆ సైజు ట్యూబ్ ఇప్పుడు కొత్తది ఎక్కడా దొరకదు.

ఇంకోటి. మనవి సముద్రం దగ్గరి ఊళ్ళు. 2018లో తిత్లీ తుపాను తర్వాత నా దగ్గరకొచ్చిన టీవీల్లో పగిలినవి తక్కువ, తడిసి ఉప్పు పట్టినవి ఎక్కువ. పైకి అంతా బాగానే కనిపిస్తుంది, లోపల తీగ ఇన్సులేషన్ కింద నల్లబడి పొడైపోయి ఉంటుంది. నెల్లిమర్ల కాస్త లోపలికి ఉంది కాబట్టి నీకు అంత బాధ ఉండకపోవచ్చు. తీగని వంచి చూడు. పటుక్కుమంటే మార్చెయ్.

---

జామాపిచ్చి

12వ పన్ను ఎరుపు. దాని వెనక వైపు అడుగున ఆకుపచ్చ, 13 నీలం, 14 వీడియో గ్రౌండ్. 12 నుంచి టీవీ వైపు చివరి వరకు బీప్ చూడండి.

బీప్ వచ్చినా ఎరుపు రాకపోతే అప్పుడు టీవీ గొడవ. మరీ తప్పకపోతే కంప్యూటర్ మానిటర్‌కి వెళ్ళే దారి ఉంది, కానీ నేరుగా కలపకండి. ఈ బోర్డు సెకనుకి దాదాపు 15,600 గీతలు గీస్తుంది, మానిటర్ కనీసం 31 వేలు అడుగుతుంది. కలిపితే ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని ఒక పెట్టె కనిపిస్తుందంతే. మధ్యలో జీబీఎస్ 8200 అనే చిన్న బోర్డు పెట్టాలి. రంగుల వోల్టేజీ కూడా మానిటర్లకి అలవాటైనదాని కంటే ఎక్కువ వస్తుంది, ఆ చిన్న బోర్డు మీదున్న మూడు పాట్‌లు (స్క్రూలా తిప్పే చిన్న కంట్రోళ్ళు) తిప్పి తగ్గించుకోవాలి. బొమ్మ వస్తుంది. కానీ పిక్చర్ ట్యూబ్ మీద చూసినవాడికి అది చల్లారిన ఉప్మాలా ఉంటుంది.

అన్నట్టు, బోర్డు మీద పొడుగాటి ఐసీలకి మధ్యలో గుండ్రటి గాజు కిటికీలున్నాయా? వాటి మీద స్టిక్కర్లు ఊడిపోతే నల్ల టేప్ అతికించండి. ఆట మొత్తం ఉన్నది వాటిలోనే. ఆ కిటికీలోంచి ఎండ నేరుగా పడితే సుమారు వారం రోజుల్లో చెరిగిపోవచ్చు. బోర్డుని తుడిచి ఎండలో ఆరబెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

---

కందకంగట్టు

ఎండలో ఆరబెట్టే ఆలోచన ఉన్న మాట నిజమే. మా అమ్మ వడియాల పక్కన చోటు కూడా ఇచ్చింది. మానేశాను. కిటికీలున్నాయి, ఎనిమిది. మూడింటికి స్టిక్కర్లు లేవు, టేప్ వేశాను.

ఎరుపు దొరికింది. ఎలుక. టీవీ దగ్గర జానెడు ముందు తీగ మీద పళ్ళ గాట్లు, ఒక్క ఎర్ర తీగే తెగింది. మిగతావి దానికి నచ్చలేదేమో. అతికించి, పైన స్లీవ్ వేశాను. మంటలు ఎర్రబడ్డాయి. మా అమ్మాయి కాస్త నిరాశ పడింది.

బటన్లలో ఒకటి పట్టుకుంటోంది, మైక్రోస్విచ్ మార్చాలి. అది చిన్న పని, రాయక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిక్కు, ఇది మీరెవరూ ఊహించరు: బిళ్ళ. నిన్నటి వరకు నేను 16వ పన్నుని (బిళ్ళ పడిందని బోర్డుకి చెప్పేది) గ్రౌండ్‌కి తీగతో ముట్టించి క్రెడిట్ వేసుకుంటున్నాను. తలుపు మూసి పద్ధతిగా రూపాయి వేస్తే జారి కింద పళ్ళెంలో పడుతోంది, స్విచ్‌కి తగలడం లేదు. రూపాయే చిన్నదైపోయింది! షాపు రోజుల్లో స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు. 2011 నుంచి వస్తున్నది 22 కూడా లేదు. స్విచ్ కమ్మీని వంచి సర్దుదామా అని చూస్తున్నాను.

---

నాగావళి_టీవీ_మాస్టారు

కమ్మీ వంచకు. వంచితే ఒకరోజు పడుతుంది, ఒకరోజు ఊరికే క్రెడిట్లు వేస్తుంది. పాత రూపాయలు వెతుకు, హుండీల్లో ఉంటాయి.

---

జామాపిచ్చి

2011 నాటి రెండు రూపాయల బిళ్ళ వేసి చూడండి. అది 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 1992లో వచ్చిన మీ స్టీలు రూపాయి కొలతలూ అవే. కంకుల బొమ్మతో 2019 తర్వాత వచ్చిన రెండు వెయ్యకండి, అది 23.

---

కందకంగట్టు

నిన్న తొలేళ్ళు. మావయ్య రాత్రి భోజనాలయ్యాక వచ్చాడు. మిషన్ని చుట్టూ తిరిగి చూసి, ముందు వెనక తలుపు తీయమన్నాడు. కొత్త కనెక్టర్‌ని, తీగల్ని చాలాసేపు చూశాడు. నాలుగు ఎర్ర తీగల మీద వేలు పెట్టి ‘ఇన్నెందుకురా?’ అన్నాడు. చెప్పాను. అప్పుడిక దాచడం కుదర్లేదు, ఫ్యాన్ సంగతి కూడా చెప్పాను. ‘అయితే వేసవి కాదన్నమాట’ అని, ఇంకేమీ అనకుండా తలుపు మూశాడు.

తర్వాత చెయ్యి చాపాడు, బిళ్ళ కోసం. రెండు రూపాయలిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, ‘రేటు ఎవడు పెంచాడు?’ అన్నాడు.

వేశాడు. లోపల టిక్‌మంది. క్రెడిట్ 1.

రెండో స్టేజీలో పోయాడు. మళ్ళీ చెయ్యి చాపాడు.